నాటు విమానం

పంద్రాగస్టుకి స్కూలు గేటు పక్కన యుద్ధ విమానం పెట్టాలన్న ఆలోచన కరస్పాండెంటు రమేష్‌బాబుది. ఆ వేసవిలో సరిహద్దులో బాంబులు పడ్డాక టెక్కలిలో ప్రతి ప్రైవేటు స్కూలూ ఏదో ఒక దేశభక్తి పని నెత్తికెత్తుకుంది. ఒకరు పిల్లలకి సైనికుల బట్టలు కుట్టించారు. ఇంకొకరు వీధంత పొడుగు జెండా పట్టించి ఊరేగించారు. వాళ్ళందరికంటే ఓ మెట్టు పైనుండాలని రమేష్‌బాబు విజయనగరంలో వినాయకుడి బొమ్మలు చేసే మేస్త్రి చేత ఫైబరుతో నాట్ అనే పాత యుద్ధ విమానం బొమ్మ చేయించాడు. లారీ దిగినప్పుడు దాని ముక్కు కాస్త లావుగా, ఒక రెక్క కాస్త వాలినట్టుగా ఉంది. నీలం రంగు పూసి, తోక మీద మూడు రంగులు వేశాక పిల్లల కంటికి అది విమానమే అయింది.

దాని పక్కన పెట్టే బోర్డు కోసం పిల్లలకి అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ రాసి, అందులోంచి ఒక పిల్ల చేత చెప్పించే పని యమునకి అప్పగించాడు. యమున ఆ స్కూల్లో సైన్సు చెబుతుంది. భావనపాడు పక్కనున్న చేపల పేట నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. ఇంగ్లీషులో ఉన్న ఏ సంగతైనా పల్లెటూరి పిల్ల నోట్లో పట్టేంత ముక్కలు చేసి చెప్పగలదని ఆమెకి పేరు.

పని చెప్పాక రమేష్‌బాబు గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. ఆ రోజు ముఖ్య అతిథి పార్టీ నాయకుడు పృథ్వీరాజ్‌గారట. ఆయన మాటకి ఢిల్లీలో విలువుందట. మీ అన్నయ్య గురించి అర్జీ రాసి మీ అమ్మగారి చేత ఆయన చేతికిప్పించండి, పక్కన నేనుంటాను అన్నాడు. ఆ మాటకి యమునకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రమేష్‌బాబు మంచివాడో కాదో ఆమెకి తెలీదు. అప్పటిదాకా ఎవరూ అనని మాట అన్నాడు, అంతే.

యమున అన్న గోవింద్ ఏటా దీపావళి ముందే గుజరాత్ వెళ్ళిపోయేవాడు. అక్కడి షావుకారు బోటు మీద వేటకెళ్ళి, చెల్లెల్ని చదివించాడు. పోయిన శీతాకాలం ఇంజను చెడిపోయి బోటు నీటివాలుకి కొట్టుకుపోయింది. తెల్లారి చూస్తే చుట్టూ పాకిస్తాన్ వాళ్ళ పడవలు. షావుకారు ఫోన్ చేసి, మీవాళ్ళు కరాచీ జైల్లో ఉన్నారని ఒక్కమాట చెప్పి పెట్టేశాడు. అదే బోటులో పేటలో ఉండే దుర్గ మొగుడూ ఉన్నాడు. మామూలు రోజుల్లో అయితే ఏడాదికో రెండేళ్ళకో రెండు దేశాలూ మాట్లాడుకుని జాలర్లని వదిలిపెడుతుంటాయి. బాంబులు పడ్డాక ఆ మాటలు కూడా ఆగిపోయాయి.

అప్పటినుంచి పేటలో ఆడవాళ్ళకి యమునే పేపరూ, టీవీ. ఆదివారం ఆమె బస్సు దిగేసరికి తల్లి కూర్మమ్మ ఇంటి ముందు దుర్గా, మరో నలుగురూ కాచుకుని ఉండేవారు. ఫోనులో చూసిందంతా యమున వాళ్ళకి చదివి చెప్పేది. జైల్లో రెండు పూటలా కూడు పెడతారనీ, జబ్బు చేస్తే డాక్టరొస్తాడనీ, కొట్టరనీ చెప్పింది. అందులో కొన్ని నిజంగా చదివినవి. కొన్ని ఎదురుగా ఉన్న మొహాలు చూసి చేర్చినవి.

విమానం గురించి రాయడానికి యమున చాలా చదివింది. చదివినదాన్ని ముందుగా ఏడో తరగతి పిల్లల మీద వేసి చూసింది. గ్రౌండులోకి తీసుకెళ్ళి సుద్దపొడితో నాట్ ఆకారం అసలు కొలతలకి గీయించింది. గీత పూర్తయ్యాక పిల్లలు నమ్మలేదు. ఇంతేనా టీచర్, మా నాన్న ఫైబరు పడవంతే ఉంది అన్నాడొకడు. అంతే అంది యమున. నాట్ అంటే సాయంత్రం పూట కంటి ముందు ఆడే చిన్న చిన్న పురుగులుంటాయే, ఆ పేరే దీనికి పెట్టారని చెప్పింది. ఇంగ్లండు వాళ్ళు తయారు చేసిన నమూనా, మనవాళ్ళు బెంగుళూరులో కట్టుకున్నారు. అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అవతలివాళ్ళ దగ్గర సేబర్ అని పెద్ద పేరున్న విమానాలుండేవి. పెద్ద పడవ మళ్ళాలంటే చాలా నీళ్ళు కావాలి కదా, చిన్న పడవ అయితే ఉన్నచోటే చుక్కాని తిప్పి మళ్ళిపోతుంది కదా. ఆకాశంలో కూడా అంతే. సేబర్ మళ్ళేలోపు నాట్ దాని వెనక్కి వచ్చేసేది. చిన్నది కాబట్టి కంటికి ఆనేది కాదు. రెండే తుపాకులు, అవి కూడా ఒక్కోసారి మొరాయించేవి. అయినా సేబర్లని పడగొట్టిందని దానికి పేరొచ్చింది.

పిల్లలు సుద్దగీత లోపల ఒకరి పక్కన ఒకరు పడుకుని, పైలట్ ఎక్కడ కూర్చుంటాడో చూసుకున్నారు. రెక్కల్లో ఏముంటుందని అడిగారు. ఝాన్సీ అనే పిల్ల, వెళ్ళినవన్నీ తిరిగొచ్చాయా టీచర్ అని అడిగింది.

అన్నీ రాలేదు. ఆ సంగతి యమున ముందురోజే చదివింది. ఆ యుద్ధం మొదట్లోనే ఒక నాట్ తోటి విమానాల నుంచి విడిపోయి, దారి తప్పి, అవతలి దేశం విమానాశ్రయంలో దిగిపోయింది. నడుపుతున్నాయన్ని పట్టుకున్నారు. యుద్ధం ముగిశాక ఇంటికి పంపేశారు. విమానాన్ని మాత్రం ఉంచేసుకున్నారు. అది ఇప్పటికీ కరాచీలో, వాళ్ళ మ్యూజియంలో ఉంది. కరాచీ అన్న మాట దగ్గర యమున చదవడం ఆపేసి చాలాసేపు ఆ ఫోటో చూస్తూ కూర్చుంది. చిన్న విమానం, ఎండలో, ఎవరో బోర్డు పెట్టారు. గోవింద్ ఉన్న ఊళ్ళోనే. ఆ సంగతి పిల్లలకి చెప్పింది, పేజీలో చివరి పేరాగా రాసింది కూడా. రాసినదాంట్లో అదే బాగా కుదిరిందని ఆమెకి అనిపించింది.

ఆ ఆదివారం పేటకి వెళ్ళేసరికి కూర్మమ్మ ఇసకలో వల పరిచి కవ్వళ్ళ చేపలు ఎండబెడుతోంది. అర్జీ సంగతి చెప్పాక యమున విమానం సంగతి ఎత్తింది.

"ఏటి ఇమానం?" అంది కూర్మమ్మ.

"నాట్."

"నాటు ఇమానమా? మన నాటు పడవనాగ?"

యమున నవ్వి ఊరుకుంది. దిద్దలేదు. దిద్దాలనిపించలేదు.

"అది దారి తప్పిపోనాదే అమ్మా. ఆల నేల మీద దిగిపోనాది."

"నడిపినోడు సదువుకున్నోడు కాడేటి?"

"సదువుకున్నోడే. మేపులూ రేడియోలూ అన్నీ ఉన్నాయి."

కూర్మమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "అన్నీ ఉన్నోడే తప్పిపోతే, మనోడికి నీటి మీద గీత ఏటి కనపడతాది? ఆ ఇమానపోడిని ఏటి సేసినారు?"

"జైల్లో ఎట్టినారు. యుద్ధం అయిపోనాక ఒగ్గీసినారు. ఇంటికొచ్చీసినాడు."

"ఒచ్చీసినాడా?"

"ఒచ్చీసినాడే."

ఆ పూట కూర్మమ్మ కంచంలో అన్నం మిగల్చలేదు. సాయంత్రానికి ఆ కథ పేటంతా తిరిగింది. దుర్గ తన అత్తకి చెప్పింది, అత్త నూతి దగ్గర చెప్పింది. నాటు ఇమానం తప్పిపోనాదట, గొప్ప గొప్పోలే తప్పిపోతారట, అయినా ఒగ్గీసినారట. చెప్పిన ప్రతి మనిషీ చివర ఆ ఒగ్గీసినారట అన్నమాట నొక్కి చెప్పింది. గోవింద్ పట్టుబడ్డప్పటి నుంచీ, తాగి దారి తప్పుంటారని ఊళ్ళో గొణిగినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకి కూర్మమ్మ ఇప్పుడు జవాబు దొరికినట్టు తల ఎత్తి నడిచింది.

సోమవారం రమేష్‌బాబు పేజీ చదివి, బాగుంది మేడమ్, చాలా బాగుంది అంటూనే చివరి పేరా మీద ఎర్రగీత పెట్టాడు. అది నిజమే సార్ అంది యమున. కాదనలేదాయన.

"నిజమే కావచ్చు మేడమ్. పండగ పూట మన విమానం వాళ్ళకి దొరికిపోయిందని గెస్టు ముందు చదువుతామా? ఆయనకి కోపమొస్తే మీ అర్జీ ఎవరు ముట్టుకుంటారు?"

యమున కాగితం వెనక్కి తీసుకుంది. ఆ పేరా తీసేసి పేజీ మళ్ళీ రాసింది. చెప్పడానికి ఎంచుకున్నది ఝాన్సీనే కాబట్టి, ఆ పిల్ల ఎందుకు తీసేశారని అడిగింది. బోర్డు మీద చోటు చాలలేదని చెప్పింది యమున. తీసేసిన సంగతి అమ్మకి చెప్పాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు. అమ్మ వస్తుంది, అర్జీ చేతికిస్తుంది, దండం పెడుతుంది, అంతే కదా అనుకుంది.

పంద్రాగస్టు పొద్దున్న సన్నగా జల్లు పడుతోంది. పృథ్వీరాజ్ చెప్పిన వేళకంటే బాగా ఆలస్యంగా వచ్చాడు. కూడా నలుగురు మనుషులు, లోకల్ చానల్ వాళ్ళు ఇద్దరు. జెండా ఎగిరింది. పరదా లాగితే తడిసిన విమానం మెరిసింది. ఝాన్సీ తడబడకుండా చెప్పింది. చిన్న పడవ, పెద్ద పడవ అన్నచోట పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత పృథ్వీరాజ్ మైకు తీసుకుని, ఈ విమానం ఏనాడూ శత్రువు చేతికి చిక్కలేదనీ, మన పిల్లలు కూడా అలా పెరగాలనీ మాట్లాడాడు. అది ఝాన్సీ చెప్పిన దాంట్లో లేదు, ఆయన సొంతంగా చేర్చుకున్నది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

కూర్మమ్మా, దుర్గా మొదటి బస్సుకే వచ్చి, షామియానా అంచున నిలబడి ఉన్నారు. రమేష్‌బాబు మాటిచ్చినట్టే వాళ్ళని ముందుకి పిలిచాడు. మన యమున మేడమ్ వాళ్ళ అమ్మగారు, కొడుకు పాకిస్తాన్ జైల్లో ఉన్నాడు, మీరే దిక్కు అని పరిచయం చేశాడు. చానల్ కుర్రాళ్ళు కెమెరా ఇటు తిప్పారు. కూర్మమ్మ అర్జీ అందించింది. అందించి వెనక్కి రాలేదు.

"బావూ, ఇది నాటు ఇమానమే గదా."

ముందు వరసలో నవ్వారు. పృథ్వీరాజూ నవ్వాడు. రమేష్‌బాబు కంగారుపడి, నాటు కాదమ్మా, నాట్, అది ఇంగ్లీషు పేరు, నాటు సరుకు కాదు అని సర్దబోయాడు.

"ఏదైతేనేటి బావూ. ఇదీ దారి తప్పి ఆల దేశంలో దిగిపోనాదట. నడిపినాయన్ని జైల్లో ఎట్టి, మరి ఒగ్గీసినారట. మావోడూ అలగే తప్పిపోనాడు. దొంగతనానికి ఎల్నేదు. నీటి మీద గీత ఉండదు బావూ. ఆయన్ని తెచ్చినట్టే మావోడిని తెచ్చీయండి."

నవ్వులు ఆగిపోయాయి. పృథ్వీరాజ్ మొహంలో నవ్వు మాత్రం అలాగే ఉంది, కళ్ళు చానల్ వాళ్ళ వైపు ఒకసారి వెళ్ళి వచ్చాయి. మన విమానం వాళ్ళకి చిక్కిందని ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు.

"నా కూతురు సెప్పినాది. ఇక్కడ మేడమే గదా. సదివి సెప్పినాది."

అందరూ యమున వైపు తిరిగారు. కెమెరా కూడా తిరిగింది. రమేష్‌బాబు ఆమెనే చూస్తున్నాడు. యమునకి ఆ క్షణంలో అంతా తెలుస్తూనే ఉంది. అవును అంటే ఇప్పుడే మైకులో మాట్లాడిన మనిషి ఇంతమందిలో అబద్ధమాడినవాడవుతాడు. ఆయన చేతిలో అర్జీ ఉంది. ఇంకా మడత కూడా విప్పలేదు. ఆ కాగితం ఆ చేతిలోనే ఉండాలి. ఎదురుగా అమ్మ ధైర్యంగా, కాస్త గర్వంగా కూడా, కూతురు చెప్పే మాట కోసం చూస్తోంది.

"లేదు సార్. అమ్మ సరిగ్గా వినలేదు. అలాంటిదేమీ జరగలేదు."

కుర్చీల మొదటి వరసలో ఝాన్సీ తల ఎత్తి చూసింది. కూర్మమ్మ మాత్రం కూతురు ఏం చెప్పిందో అర్థం కానట్టు నిలబడింది. యమున మాట్లాడింది స్కూలు భాష. ఆ మాటలు చేరడానికి కాస్త సమయం పట్టింది. చేరాక కూర్మమ్మ చీర కొంగు భుజం మీద సర్దుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

పృథ్వీరాజ్ తేలికపడ్డాడు. పెద్దామె, కొడుకు మీద బెంగ, ఏదో విన్నారు అని అందరికీ చెప్పి, కూర్మమ్మ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. అర్జీ పక్కనున్న మనిషికి అందించాడు. ఆ మనిషి దాన్ని మడిచి ఫోను పట్టుకున్న చేతిలోనే పెట్టుకున్నాడు. తప్పకుండా చూస్తానన్నాడు పృథ్వీరాజ్. కోపం ఏమాత్రం లేదు. యమున అనుకున్నట్టే జరిగింది.

పిల్లలకి మిఠాయి పంచుతుండగా యమున బస్టాండుకి పరుగెత్తింది. కూర్మమ్మా, దుర్గా సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నౌపడా బస్సు ఇంకా రాలేదు. యమున తల్లి పక్కన కూర్చుంది.

"అందరి ముందర అలగ అనాల్సొచ్చినాదమ్మా" అంది యమున. "ఆయన సేతిలో కాయితం ఉన్నాది."

"అయితే ఇమానం తప్పిపోనాదేటి?"

"తప్పిపోనాది. నిజంగానే. ఇదిగో, ఫోటో సూడు."

కూర్మమ్మ ఫోను వైపు చూసింది. చిన్న విమానం, ఎండ, బోర్డు. బోర్డు మీద ఉన్నవి ఆమె చదవలేని అక్షరాలు. "ఇందాకల నేదన్నావు" అంది.

"ఇందాకల అబద్ధం ఆడినానే."

"ఇప్పుడు ఆడవని నానెలగ తెలుసుకోవాలి?"

తిట్టుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. అది తిట్టయి ఉంటే బాగుండుననిపించింది యమునకి. దుర్గ అంతవరకూ నేల చూస్తూ కూర్చుంది. ఇప్పుడు తలెత్తకుండానే అడిగింది.

"మరి ఆలకి రెండు పూటలా కూడెడతన్నారని సెప్పినావు. కొట్టరని సెప్పినావు. అదీ ఇలగేనా యమునా?"

యమున గుర్తు చేసుకోబోయింది. కూడు సంగతి చదివింది, అది ఎక్కడో చదివినట్టే గుర్తు. కొట్టరన్నది మాత్రం దుర్గ ఆ రోజు పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే అన్న మాట. రెండూ కలిసిపోయి, ఏది ఏదో ఇప్పుడామెకే విడదీయడం కష్టంగా ఉంది. విడదీసి చెప్పినా ఏ సగాన్ని వీళ్ళు నమ్ముతారు. ఈలోగా బస్సొచ్చింది. దుర్గ ముందు ఎక్కి, కూర్మమ్మకి చెయ్యి అందించింది. కిటికీ పక్క సీటు దొరికినా కూర్మమ్మ బయటికి చూడలేదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ మీద ఫోటో వచ్చింది. పృథ్వీరాజ్, వెనకాల నీలం విమానం, పక్కన కూర్మమ్మ. బాధితులకి భరోసా అని రాశారు. రమేష్‌బాబు ఆ కాగితం కత్తిరించి ఆఫీసు గదిలో అంటించాడు. యమున కనిపించినప్పుడల్లా, పని జరుగుతుంది మేడమ్, కాస్త ఆగాలి అనేవాడు. పృథ్వీరాజ్ మనిషికి యమున ఫోన్ చేసింది. మొదటిసారి చూస్తున్నామన్నాడు. తర్వాత తియ్యలేదు. తరగతిలో పిల్లలు ఆమె చెప్పింది మునుపటిలాగే రాసుకునేవారు. ఝాన్సీ మాత్రం ప్రశ్నలు అడగడం మానేసింది.

ఆదివారాలు యమున పేటకి వెళ్తూనే ఉంది. ఇంటి ముందు ఎవరూ కాచుకుని ఉండటం లేదు. నూతి దగ్గర నాటు ఇమానం మాట ఎవరూ ఎత్తడం లేదు. తాగి దారి తప్పుంటారన్న గొణుగుడు మళ్ళీ మొదలైంది. కూర్మమ్మ ఇప్పుడు ఎవరికీ జవాబు చెప్పడం లేదు.

వానలు తగ్గాక ఒక వార్త వచ్చింది. రెండు దేశాలూ జైళ్ళలో ఉన్న జాలర్ల గురించి మళ్ళీ మాట్లాడుకోబోతున్నాయట. ఢిల్లీ నుంచి వచ్చిన వార్త, పేరున్న పేపరులో ఉంది. యమున దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, ఒక్క మాట కూడా చేర్చకూడదని ఒట్టు పెట్టుకుని, మొదటి బస్సుకి పేటకి వెళ్ళింది. కూర్మమ్మ పెరట్లో చేపలకి ఉప్పు రాస్తోంది. పక్కనే దుర్గ ఉంది. యమున నిలబడే ఫోను తీసి వార్త చదివింది. వదిలేస్తారని లేదు, మాట్లాడుకుంటారని మాత్రమే ఉందని కూడా చెప్పింది.

కూర్మమ్మ చెయ్యి ఆగలేదు.

"జగన్నాధానికి పంపీ" అంది. "ఆడు సూసి సెప్తాడు."

జగన్నాధం నౌపడాలో జిరాక్సు కొట్టు పెట్టుకున్నవాడు. ఇంటర్ తప్పాడు. యమున అతనికి ఆ వార్త పంపింది. కాసేపటికి దుర్గ ఫోను మోగింది. దుర్గ స్పీకరు పెట్టింది. జగన్నాధం ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, రెండుచోట్ల తప్పు చదువుతూ, అదే వార్త మొదటినుంచీ చదివాడు. కూర్మమ్మ ఉప్పు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోను వైపు వంగి, చివరిదాకా వింది. నిజమేనా బావూ అని అడిగింది. నిజమేనన్నాడు జగన్నాధం. అప్పుడామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

యమున గుమ్మంలో నిలబడి ఉంది. తాగడానికి నీళ్ళు కావాలా అని తల్లి అడిగింది. వద్దంది.